హైదరాబాద్‌లో రెండు భాషలు: మాటలో ఒక లెక్క, కాగితం మీద ఇంకో లెక్క

హైదరాబాద్ భాషల గొడవ ఏడాదికి రెండు మూడుసార్లయినా వార్తల్లోకి వస్తుంది. సీబీఎస్ఈ బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అన్నప్పుడు ఒకసారి, ఏదో ఆఫీసు బోర్డు మీద ఉర్దూ లేదని ఎవరైనా అడిగినప్పుడు ఒకసారి, "ఇక్కడ తెలుగు రాకపోయినా గడిచిపోతుంది" అని కొత్తగా వచ్చినవాళ్లు అన్నప్పుడు మరోసారి. జనాభా లెక్కింపు దశ 2027 ఫిబ్రవరిలో ఉంటుందని కేంద్రం ప్రకటించింది కాబట్టి ఎవరి భాష ఎంత శాతం అన్న వాదన మళ్లీ మొదలవుతుంది.

ఈ వాదనలు తెగకపోవడానికి కారణం ఉంది. "హైదరాబాద్ భాష ఏది?" అనే ఒక్క మాటలో నాలుగు వేరు వేరు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. ఇంట్లో తల్లి ఏ భాషలో మాట్లాడింది? బజారులో ఏ భాష నడుస్తుంది? సర్కారు కాగితం ఏ భాషలో ఉంటుంది? మనిషి ఏ లిపి చదవగలడు? ఒకరు మొదటి ప్రశ్నకు జవాబు చెబుతుంటే ఎదుటివారు మూడోదాని మీద కొట్లాడుతుంటారు.

43 శాతం, 43 శాతం: ఏ హైదరాబాద్‌లో?

2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లా జనాభా 39.43 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు, ఉర్దూ చెప్పినవాళ్లు దాదాపు సమానం. రెండూ 43 శాతానికి కాస్త పైన. అంటే చెరో 17 లక్షల మంది. "సగం తెలుగు, సగం ఉర్దూ" అనే మాట ఇక్కడి నుంచే పుట్టింది.

అయితే జిల్లా అంటే 217 చదరపు కిలోమీటర్లే. పాతబస్తీ, నాంపల్లి, ఖైరతాబాద్, సికింద్రాబాద్ లాంటి లోపలి ప్రాంతాలు. 2007లో పాత కార్పొరేషన్‌లో 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి జీహెచ్ఎంసీ అయ్యింది. విస్తీర్ణం 600 చదరపు కిలోమీటర్లు దాటింది. 2011లో ఈ పెద్ద నగరం జనాభా 67 లక్షల పైచిలుకు. కూకట్‌పల్లి, ఎల్బీ నగర్, మల్కాజిగిరి, శేరిలింగంపల్లి అప్పుడు ఇందులో ఉండేవి, జిల్లాలో లేవు.

సరిహద్దు జరిపితే శాతం ఎలా జరుగుతుందో వేసి చూద్దాం. జిల్లా బయట ఉన్న 28 లక్షల మందికి రాష్ట్ర సగటే వర్తిస్తుందనుకుందాం: తెలుగు సుమారు 75 శాతం, ఉర్దూ సుమారు 12 శాతం. అప్పుడు బయటి భాగంలో తెలుగు 21 లక్షలు, ఉర్దూ 3.4 లక్షలు. లోపలి 17 లక్షల చొప్పున కలిపితే తెలుగు 38 లక్షలు, ఉర్దూ 20.4 లక్షలు. 67 లక్షల మీద ఇవి సుమారు 57 శాతం, 30 శాతం. ఇవి అసలు అంకెలు కావు, ఊహ మీద వేసిన ఉదాహరణ. కానీ ఒక్క మనిషి కూడా భాష మార్చుకోకుండానే, గీత జరిగినందుకే "సగం సగం" కాస్తా రెండుకు ఒకటి అనే నిష్పత్తికి దగ్గరైంది. కాబట్టి ఎవరైనా శాతం చెబితే ముందు అడగాల్సింది ఏ గీత లోపల అని.

జనగణన దృష్టిలో మాతృభాష

మాతృభాష అంటే బాగా వచ్చిన భాష అని చాలామంది అనుకుంటారు. జనగణన నిర్వచనం వేరు: చిన్నప్పుడు తల్లి మనిషితో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే పోతే, బాల్యంలో ఆ ఇంట్లో ఎక్కువగా నడిచిన భాష. ఆ తర్వాత మాతృభాష కాక ఇంకా తెలిసిన రెండు భాషల వరకు రాసుకుంటారు. వాటికి చదవడం, రాయడం రానక్కరలేదు, మాట్లాడి అర్థం చేసుకోగలిగితే చాలు. ఈ చివరి నియమం గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇంకో చిక్కు, చెప్పిన పేరు చెప్పినట్టు పట్టికలోకి ఎక్కదు. చిన్న చిన్న మాతృభాషలను పెద్ద భాషల కింద కలుపుతారు. 2011లో లంబాడీ హిందీ కింద చేరింది, మార్వాడీ కూడా అంతే. తెలంగాణ తండాల్లో హిందీ ముక్క రాని అవ్వ సైతం స్థూల పట్టికలో హిందీ మాట్లాడేవాళ్లలో ఒకరు. బేగంబజారు మార్వాడీ వ్యాపారి, హైటెక్ సిటీకి వచ్చిన లక్నో ఇంజినీరు, దేవరకొండ నుంచి కూలికి వచ్చిన లంబాడీ కుటుంబం అందరూ ఒకే గడిలో ఉంటారు. "నగరంలో హిందీ ఇంత పెరిగింది" అనే వార్త చదివేటప్పుడు ఈ గడి లోపల ఎవరున్నారో చూడాలి.

ఇక ఉర్దూ అంటే ముస్లింలు, తెలుగు అంటే హిందువులు అన్న లెక్క ఈ ఊళ్లో ఎప్పుడూ సరిగ్గా సరిపోలేదు. పాతబస్తీ కాయస్థ కుటుంబాల్లో తరతరాలుగా ఉర్దూ ఇంటి భాష. నిజాం ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ "షాద్" పేరుతో ఉర్దూ కవిత్వం రాశారు. జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన దూదేకుల కుటుంబాల్లో చాలావాటికి తెలుగే ఇంటి భాష.

బజారులో నడిచేది ఏ భాష?

వీధి మాటకు ఎవరి పేరు వాళ్లు పెట్టుకుంటారు. పాతబస్తీ మనిషి దాన్ని ఉర్దూ అంటాడు, బీహారు నుంచి వచ్చిన కుర్రాడు హిందీ అంటాడు, భాషావేత్తలు దక్కనీ అంటారు. వినేది ఒకటే. ఎందుకు అనడానికి "కైకూ", వద్దు అనడానికి "నక్కో", అవును అనడానికి "హౌ". బహువచనం "లోగాఁ, బాతాఁ" అని సాగుతుంది. నక్కో మరాఠీ నుంచి వచ్చింది. తెలుగు ముద్ర ఇంకాస్త లోతుగా, వాక్యం కట్టులోనే ఉంది. "రేపు వస్తానని చెప్పిండు" అనే మాటను ఢిల్లీ ఉర్దూలో "ఉస్‌నే కహా కి వో కల్ ఆయేగా" అంటారు, చెప్పడం ముందు, చెప్పిన సంగతి తర్వాత. దక్కనీలో అది "ఉనే కల్ ఆతూఁ బోల్కే బోలా". మన "అని" ఉన్నచోట "బోల్కే" కూర్చుంది, వాక్యం తెలుగు వరసలోనే నడిచింది.

ఎదురు దిశలోనూ అంతే. "జర ఆగు", "ఫికర్ చెయ్యకు", "పరేషాన్ అయిండు", "కిరాయి ఇల్లు", "నల్లా నీళ్లు" అనడానికి ఉర్దూ రావాల్సిన పని లేదు. ఆ మాటల్లో కొన్ని సర్కారు పేర్లకూ ఎక్కాయి, "బస్తీ దవాఖానా" ప్రభుత్వం పెట్టిన అధికారిక పేరే. నిజానికి కోస్తా తెలుగు కూడా ఈ ప్రభావం నుంచి తప్పించుకోలేదు. జిల్లా, దస్తావేజు, రసీదు, హాజరు, వకీలు, జరిమానా రాజమండ్రిలోనూ తెలుగు మాటలే.

కొత్తవాళ్లను మోసం చేసేది ఇక్కడే. హైదరాబాదీ తెలుగువాడు ముక్కు మొహం తెలియనివాళ్లతో ముందు దక్కనీలో మొదలుపెట్టి, ఎదుటివాళ్ల యాస పసిగట్టాక తెలుగులోకి మళ్లుతాడు. పండ్ల బండి దగ్గర "డేడ్ సౌ, ఢాయీ సౌ" అని బేరం ఆడుకునే ఇద్దరూ తెలుగువాళ్లే కావచ్చు. మొదటి రెండు వాక్యాలు విని వెళ్లిపోయినవాళ్లకు ఇది తెలుగు లేని ఊరుగా కనిపిస్తుంది. అద్దె ఒప్పందం, స్కూలు సర్క్యులర్, పోలీసు స్టేషన్, సొంతూరి రాజకీయం దగ్గరికి వచ్చేసరికి ఆ అంచనా తలకిందులవుతుంది.

రెండు లిపులు చదివిన తరం ఏమైంది?

మాటలో ఇంత కలగలుపు ఉన్న ఊళ్లో రెండు లిపులూ చదివేవాళ్లు ఎందుకు తక్కువ? దానికి జవాబు బడి చరిత్రలో ఉంది.

1591లో నగరం కట్టిన కుతుబ్‌షాహీల కాలంలో ఫర్మానాలు ఫార్సీతో పాటు తెలుగులోనూ వెలువడ్డాయి. 1687లో గోల్కొండ మొఘలుల చేతికి పోయాక ఆ పద్ధతి నిలవలేదు. అసఫ్‌జాహీల పాలనలో ఫార్సీ, 1880ల నుంచి ఉర్దూ అధికార భాషలయ్యాయి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో నడిచింది. పాఠ్యపుస్తకాల తర్జుమా కోసం ప్రత్యేక శాఖనే పెట్టారు. తెలుగువాళ్లు తమ ఏర్పాట్లు తాము చేసుకున్నారు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వచ్చింది. 1921లో వివేకవర్ధని థియేటర్‌లో జరిగిన సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలైంది.

ఆ వ్యవస్థలో న్యాయం లేదు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాషకు పై చదువుల్లో చోటే లేకుండా పోయింది. కానీ దాని ఒక ఫలితం, తెలుగు ఇంట్లో నేర్చుకుని ఉర్దూ బడిలో చదివిన తరం తయారైంది. ఉన్నత పాఠశాల చదువు ఉర్దూ మాధ్యమంలో చేసి, తర్వాత తెలుగు ఆచార్యుడై, 1988 సంవత్సరపు జ్ఞానపీఠం అందుకున్న సి. నారాయణరెడ్డి ఆ తరం మనిషి. 1948 తర్వాత ఉస్మానియా ఇంగ్లిషుకు మళ్లింది, 1956 తర్వాత బడులు తెలుగుకు మళ్లాయి. తెలుగు పిల్లలకు ఉర్దూ లిపితో పని లేకుండా పోయింది. ఒక్క తరంలో అంతా అయిపోయింది.

ఇప్పుడు జనగణన నియమం దగ్గరికి రండి. మాట్లాడగలిగితే చాలు అన్న కొలతతో చూస్తే ఊరు ఊరంతా రెండు భాషలది. చదవగలరా అని అడిగితే ఆ సంఖ్య ఇట్టే కుంచించుకుపోతుంది. హైదరాబాద్ ద్విభాషిత్వం వినికిడి మీద నిలబడింది. చట్టాలు మాత్రం కాగితం మీద నడుస్తాయి. గొడవలన్నీ ఈ సందులోంచే వస్తాయని నా లెక్క.

"రెండో అధికార భాష" వల్ల ఏం మారుతుంది?

అధికార భాష అంటే ప్రభుత్వం తన పని నడిపే భాష. రాజ్యాంగం 345వ అధికరణం కింద దాన్ని రాష్ట్ర శాసనసభ నిర్ణయిస్తుంది. 1966 నాటి అధికార భాషా చట్టం తెలుగును అలా ప్రకటించింది, అవసరమైన ప్రాంతాల్లో ఉర్దూ వాడుకునే వీలునూ ఉంచింది. తెలంగాణ ఏర్పడేసరికి ఖమ్మం తప్ప మిగతా తొమ్మిది జిల్లాల్లో ఉర్దూకు ఆ హోదా ఉంది. 2016లో పది జిల్లాలు 31 అయ్యాయి. ఒక పాత జిల్లా ముక్కలు రెండు మూడు కొత్త జిల్లాల్లో పడితే ఏ మండలంలో హోదా ఉన్నట్టు? ఆ చిక్కు తెంపడానికి 2017 నవంబరులో శాసనసభ చట్టం సవరించి రాష్ట్రం మొత్తాన్నీ ఒక యూనిట్‌గా తీసుకుంది. నెల తిరక్కుండానే, డిసెంబరు 15 నుంచి 19 దాకా, ఎల్బీ స్టేడియం వేదికగా ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. రెండు భాషలనూ ఒకే ఊపులో పలకరించడం ఈ నగర రాజకీయానికి కొత్త కాదు.

ఆచరణలో ఏం జరుగుతుందో ఒక అర్జీతో చూద్దాం. యాకుత్‌పురా నుంచి ఒక పెద్దాయన పింఛను గురించి ఉర్దూలో రాసి సోమవారం ప్రజావాణిలో ఇచ్చాడనుకోండి. తీసుకోవడానికి హోదా అక్కర్లేదు. కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా వినతి ఇచ్చే హక్కు 350వ అధికరణమే ఇస్తోంది. హోదా వల్ల కలిసొచ్చేది ఆ తర్వాతి మెట్లు. చదివి తర్జుమా చేయడానికి ఉర్దూ అధికారి ఉండాలి (2018లో ఇందుకోసం 66 పోస్టులకు నియామకాలు చేపట్టారు), జవాబు ఉర్దూలో వచ్చే అవకాశం ఉండాలి. సాధారణంగా బండి ఆగేది మధ్యలో. అర్జీ సారాంశం మూడు వాక్యాల్లో ఫైలుకెక్కుతుంది, ఫైలు నోటు ఇంగ్లిషులో నడుస్తుంది, కంప్యూటర్ నుంచి వచ్చే జవాబూ ఇంగ్లిషులోనే. పేరు దగ్గర ఇంకో తిప్పలు. ఉర్దూలో "ముహమ్మద్" అని రాసుకున్న మనిషి ఇంగ్లిషు కార్డులో "Mohd" అనే పొట్టి రూపంలో ఉంటాడు, దాన్ని యంత్రం తెలుగులోకి మార్చితే "మొహ్ద్" అవుతుంది. మూడు కాగితాల్లో మూడు పేర్లు, ఇక పోలిక కుదరదు.

ఇక్కడ మూడు వాదనలున్నాయి. జిల్లాలో ఇంత శాతం మాట్లాడే భాషకు హోదా ఇచ్చి అమలు చేయకపోతే అది అలంకారమే అని ఉర్దూ పక్షం అంటుంది. మొదటి అధికార భాషకే దిక్కు లేదు, జీవోలు నేటికీ ఎక్కువగా ఇంగ్లిషులోనే వస్తున్నాయి, ముందు అది సరిచేయండి అని తెలుగు పక్షం అంటుంది. ఒక్కో ఉత్తర్వును మూడు భాషల్లో ఒకే అర్థంతో రాయగలిగే సిబ్బంది లేరు, తర్జుమాలో తేడా వస్తే కోర్టు కేసు మా మెడకు చుట్టుకుంటుంది అని ఆఫీసుల మాట. మూడింట్లోనూ నిజం ఉంది. మొదటి రెండు పక్షాలు ఒకదాన్నొకటి ప్రత్యర్థి అనుకోవడం మాత్రం నాకు అర్థం కాదు, ఇద్దరి అర్జీలూ చివరికి ఇంగ్లిషు ఫైలులోకే వెళుతున్నప్పుడు.

కోర్టు సంగతి ఇంకో దారి. 348వ అధికరణం ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లిషు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక భూవివాదంలో తీర్పును తెలుగులోనూ ఇచ్చి వార్తల్లోకెక్కింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోనైతే బోర్డు రక్షణ శాఖ కింద ఉంటుంది కాబట్టి కేంద్ర నిబంధనల హిందీ, ఇంగ్లిషు కూడా కలుస్తాయి.

పాత భూమి కాగితాల దగ్గర ఉర్దూ లిపి విలువ

ఉర్దూ చదవడం రాకపోతే ఏం పోయింది అనేవాళ్లకు శంషాబాద్, పటాన్‌చెరు, కోకాపేట వైపు భూమి కొనేటప్పుడు జవాబు దొరుకుతుంది. సర్వే నంబరు మూలం వెతుకుతూ వెనక్కి వెళితే సేత్వార్ తగులుతుంది. సర్వే, సెటిల్‌మెంట్ జరిగినప్పుడు తయారైన మొదటి రికార్డు అది, నంబరు, విస్తీర్ణం, శిస్తు అందులో ఉంటాయి. తర్వాతిది 1954-55 నాటి ఖాస్రా పహాణీ. సేత్వార్ ఉర్దూలో ఉంటుంది, ఖాస్రా పహాణీల్లోనూ ఉర్దూ రాత కనిపిస్తుంది. ఈనాటి ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ భూభారతి తెర మీద కనిపించే అంకెకు మూలం ఎక్కడో ఆ చేతిరాతలోనే ఉంది.

ఆ రాత శికస్తా అనే గొలుసుకట్టు రాత. అచ్చు ఉర్దూ చదవగలిగినవాళ్లకు కూడా అంత సులువుగా లొంగదు. అక్షరాలు ఒకదానిలోకి ఒకటి పాకిపోతాయి, చుక్కలు తరచూ ఎగిరిపోతాయి. మాట మధ్యలో బ, ప, త, న అక్షరాలకు తేడా చుక్కలే కాబట్టి చుక్క లేకపోతే ఏదైనా కావచ్చు. క, గ మధ్య తేడా ఒక్క గీత. ఒ, ఓ, ఉ, ఊ అన్నిటికీ ఒకే అక్షరం. కొల్లూరు, గొల్లూరు, గుల్లూరు ఆ రాతలో దాదాపు ఒకేలా ఉంటాయి. ల, ళ తేడా అసలే ఉండదు. గ్రామం పేరు, పట్టాదారు ఇంటిపేరు తప్పు పడేది ఇలాగే.

అంకెల్లో 2కూ 3కూ తేడా ఒక్క వంపు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. 2 గుంటలను 3గా చదివితే వచ్చే తేడా నగరం అంచున ఒక ఇంటి స్థలమంత.

తేదీ ఫస్లీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో ఉంటుంది. 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది: 1339 ఫస్లీ అంటే 1929-30. నిజాం కాలపు ఫస్లీ ఏడాది ఆజుర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. కాబట్టి ఆజుర్, దై నెలల కాగితమైతే 1929 కిందకు, ఏడాది చివరి నెలలదైతే 1930 కిందకు వస్తుంది. 590 కలిపి ఊరుకుంటే ఒక ఏడాది తప్పే ప్రమాదం ఉంది. రెండు దస్తావేజుల్లో ఏది ముందుదో తేల్చాల్సిన కేసులో ఆ ఏడాదే గెలుపోటములు తేలుస్తుంది.

కోర్టులో పెట్టాలంటే అధీకృత తర్జుమా జత చేయాలి. అలాంటి కాగితం మీద ఆధారపడేవాళ్లు గ్రామం పేరు, నంబరు, విస్తీర్ణం, తేదీ నాలుగింటినీ మూలంతో వేరే మనిషి చేత ఒకసారి పోల్చి చూపించుకుంటారు. శికస్తా చదివేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారంలో ఫార్సీ, ఉర్దూ రికార్డులు గుట్టలుగా ఉన్నాయి.

బడిలో మూడు ఉదాహరణలు

2018లో వచ్చిన చట్టం తెలంగాణ బడులన్నిటిలో, ఏ బోర్డుదైనా సరే, తెలుగు బోధన తప్పనిసరి చేసింది. మొదట 1, 6 తరగతులతో మొదలై పైకి పోవాలన్నది పథకం. 2025 ఫిబ్రవరి ఉత్తర్వు సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ తదితర బడుల్లో 2025-26 నుంచి 9వ తరగతికి, మరుసటి ఏడాది 10వ తరగతికి దీన్ని వర్తింపజేసింది. తెలుగు ఇంటి భాష కాని పిల్లల కోసం "సింగిడి" వాచకానికి బదులు "వెన్నెల" అనే సరళ తెలుగు వాచకం పెట్టారు. తెలుగు మాధ్యమంలో చదవాలన్నది దీని అర్థం కాదు, ఒక సబ్జెక్టుగా చదవాలి అంతే. ఈ తేడా తెలియకే సగం భయాలు.

ముగ్గురు పిల్లలను తీసుకుందాం. మియాపూర్‌లో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం, పిల్లవాడు సీబీఎస్ఈ: ఇంగ్లిషు, హిందీ వచ్చు, "వెన్నెల" పుణ్యాన తెలుగు కూడబలుక్కుంటాడు. వనస్థలిపురంలో తెలుగింటి పిల్ల, ఇంగ్లిషు మీడియం: తెలుగు, హిందీ, ఇంగ్లిషు చదువుతుంది, ఉర్దూ లిపి ఆమెకు బోర్డుల మీది బొమ్మ. టోలిచౌకిలో ఉర్దూ మీడియం సర్కారు బడి పిల్లవాడు: ఉర్దూ మొదటి భాష, తెలుగు, ఇంగ్లిషు కూడా ఉంటాయి.

ముగ్గురిలో నగరపు రెండు లిపులూ బడిలో నేర్చుకునేది మూడోవాడొక్కడే. విచిత్రం, తెలుగు తప్పనిసరి అన్న చర్చలో అందరూ అనుమానంగా చూసేది వాడి బడినే. ఆ బడికున్న కష్టాలు వేరు: తెలుగు చెప్పే టీచరు పోస్టు ఖాళీగా ఉంటుంది, పుస్తకం చేతికి వచ్చేసరికి ఏడాదిలో సగం గడుస్తుంది, ఇంటి దగ్గర సాయం చేసేవాళ్లు ఉండరు. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లిషు మాధ్యమం వచ్చాక ఉర్దూ మీడియం కొనసాగించాలా వద్దా అన్న ప్రశ్న ఆ తల్లిదండ్రుల ముందే ఉంది. ఉద్యోగం చూసుకుంటే ఇంగ్లిషు, లిపి నిలవాలంటే ఉర్దూ, ఊళ్లో ఆఫీసు పని కావాలంటే తెలుగు. గ్రూప్-1 మెయిన్స్ ఈ మూడింట్లో దేనిలోనైనా రాయొచ్చని నోటిఫికేషన్ చెబుతుంది. అక్కడిదాకా ఉర్దూలో చదువుకుంటూ రావడానికి డిగ్రీ స్థాయి పుస్తకాలు, పాఠం చెప్పేవాళ్లు ఎంతమంది దొరుకుతారన్నది ఆ కుటుంబాలే వెతుక్కోవాలి.